హైదరాబాదులో కూర్చుని పడవల డిజైనర్ అవ్వొచ్చా?

ట్యాంక్‌బండ్_శీను
అందరికీ నమస్కారం. వయసు 26, మెకానికల్ బీటెక్. మాదాపూర్‌లో ఒక కంపెనీలో కార్ల సీట్ల కింద వచ్చే బ్రాకెట్లు గీస్తుంటాను. నాలుగేళ్లుగా అదే బ్రాకెట్. బోల్టు రంధ్రాలు మాత్రం అటూ ఇటూ జరుగుతుంటాయి.

పోయినేడు వానాకాలంలో హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ పోటీలు జరుగుతుంటే ట్యాంక్‌బండ్ మీద బండి ఆపి రెండు గంటలు చూస్తూ ఉండిపోయాను. చలానా కూడా పడింది. అప్పట్నుంచి పడవల పిచ్చి పట్టుకుంది. రైనో అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని 7 మీటర్ల విహార పడవ ఒకటి గీశాను. పది మంది కూర్చోవచ్చు. పైన సోలార్ ప్యానెళ్ల కప్పు, కప్పు మీదికి నిచ్చెన, అక్కడ కూర్చుని ఫొటోలు తీసుకునేందుకు సన్ డెక్. బొమ్మలు జతచేశాను, చూడండి.

ఈ లైన్లో ఉద్యోగాలు ఉన్నాయా? మళ్లీ డిగ్రీ చదవాలా? మా నాన్న మాత్రం ఒకటే మాట: "సముద్రం లేని ఊళ్లో పడవలేంట్రా?"

నైట్‌షిఫ్ట్
వానాకాలంలో మా కాలనీకి రా బ్రో. మార్కెట్ రెడీగా ఉంది.

సికింద్రాబాద్_లేజర్
శీను గారూ, మీరు చూసినవి ఎక్కువగా లేజర్ పడవలై ఉంటాయి. పొడవు 4.23 మీటర్లు, ఒంటి మనిషి పడవ. చిన్నపిల్లలు నడిపే డబ్బాలాంటివి ఆప్టిమిస్టులు, 2.3 మీటర్లు, హల్ (పడవ దొప్ప) బరువు 35 కిలోలు. దూరం నుంచి చూస్తే అందంగానే ఉంటాయి కానీ లోపల కూర్చుంటే సంగతి వేరు. ముందు సెయిలింగ్ నేర్చుకోండి. గాలి కొట్టినప్పుడు పడవ వాలితే మీ ఒంటి బరువును అంచు బయటికి వేలాడేసి దాన్ని నిలబెట్టాలి. రెండుసార్లు సాగర్ నీళ్లు మింగితే చాలు, స్టెబిలిటీ గురించి సగం పాఠం అయిపోయినట్టే. ఆ నీళ్ల రుచి గురించి నేనేమీ చెప్పను.

నాన్నగారికి ఈ మాట చెప్పండి. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఐఎన్‌ఎస్‌వి తారిణి అనే తెరచాప పడవలో భూగోళం చుట్టి వచ్చిన ఆరుగురు నేవీ ఆఫీసర్లలో ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాదే. పి. స్వాతిది విశాఖ. ఆ పడవను కట్టింది గోవాలో, డిజైన్ మాత్రం నెదర్లాండ్స్ వాళ్లది. అంటే నడిపేవాళ్లున్నారు, కట్టేవాళ్లున్నారు, గీసేవాళ్లే కావాలి.

గీతల_రేఖ
బొమ్మలు చూశాను శీనూ. రెండరింగ్ బాగుంది, నీళ్ల మీద నీడ కూడా వేశావు. పడవ బరువెంత?

ట్యాంక్‌బండ్_శీను
రేఖ గారూ, సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లేస్‌మెంట్ 1.89 టన్నులు అని చూపించింది. అదే కదా బరువు?

గీతల_రేఖ
కాదు. అందరూ తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. నువ్వు ఒక నీటి గీత గీశావు. పడవ ఆ గీత దాకా మునిగితే ఎంత నీరు పక్కకు జరుగుతుందో సాఫ్ట్‌వేర్ లెక్క కట్టింది. నీటి దగ్గర పొడవు 6, వెడల్పు 2, మునక 0.35 మీటర్లు. ఆ మూడూ గుణిస్తే వచ్చే పెట్టెలో నీ హల్ నింపేది 45 శాతం. వెరసి 1.89 ఘనపు మీటర్లు, మంచినీళ్లు కాబట్టి 1.89 టన్నులు. అంతవరకు లెక్క కరెక్టే.

పడవ ఆ గీత దగ్గరే ఆగుతుందని నీకెవరు చెప్పారు? హల్, ఇంజను, పెట్రోలు, సీట్లు, కప్పు, ప్యానెళ్లు, పది మంది మనుషులు, వాళ్ల టిఫిన్ బాక్సులు, అన్నీ కలిపి ఎంత బరువో అంత నీటిని పక్కకు తోసేదాకా అది దిగుతూనే ఉంటుంది. గీత ఎక్కడుండాలో బరువు చెబుతుంది, నువ్వు కాదు.

ఒక ఎక్సెల్ షీట్ తెరువు. మొదటి గడిలో వస్తువు, రెండో దాంట్లో బరువు, మూడో దాంట్లో పడవ అడుగు నుంచి దాని గరిమనాభి ఎత్తు. నాలుగోది రెండూ గుణించినది. నట్లు, బోల్టులు కూడా వదలకు. ఆ షీట్ పూర్తయ్యాక ఉద్యోగాల సంగతి మాట్లాడుకుందాం. నేను విశాఖలో నేవల్ ఆర్కిటెక్ట్‌గా పన్నెండేళ్లుగా చేస్తున్నాను. నా రోజులో సగం ఆ షీట్లోనే పోతుంది, మిగతా సగం ఎవరో చెప్పకుండా పెంచిన బరువు మీద గొడవల్లో.

ఎంపీసీ_సెకండియర్
అక్కా, నాకు మొదటి నుంచీ ఇదే చదవాలని ఉంది. ఏ కాలేజీ? మా జూనియర్ కాలేజీలో అడిగితే "సీఎస్‌ఈ తీసుకో" అని పంపేశారు.

గీతల_రేఖ
నాన్నా, బీటెక్‌లోనే ఉంది. ఐఐటీ మద్రాసు, ఐఐటీ ఖరగ్‌పూర్‌లలో ఓషన్ ఇంజనీరింగ్, నేవల్ ఆర్కిటెక్చర్ కలిపి చెబుతారు, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ కావాలి. కొచ్చిలో కుశాట్‌లో షిప్ టెక్నాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది, ఈ లైన్లో దానికి మంచి పేరు. మనవాళ్లకి దగ్గరది విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్, దానికి వేరే ప్రవేశ పరీక్ష రాయాలి. ఒక్కటి గుర్తుపెట్టుకో. మెరైన్ ఇంజనీరింగ్ వేరు, నేవల్ ఆర్కిటెక్చర్ వేరు. మొదటిది ఓడలో ఇంజన్లు నడపడం, రెండోది ఓడను గీయడం. కౌన్సెలింగ్‌లో ఈ తేడా తెలియక చేరి తర్వాత ఏడ్చినవాళ్లను చూశాను.

శీను లాంటి మెకానికల్ వాళ్లకి గేట్ రాసి ఎంటెక్ దారి ఉంది. 2022 నుంచి గేట్‌లో నేవల్ ఆర్కిటెక్చర్, మెరైన్ ఇంజనీరింగ్‌కి విడిగా పేపరే పెట్టారు.

నైట్‌షిఫ్ట్
జీతం సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి?

గీతల_రేఖ
ఎత్తితే పారిపోతారని. మొదటి రెండు మూడేళ్లు మీ గచ్చిబౌలి స్నేహితుల జీతాలతో పోల్చుకోవద్దు. షిప్‌యార్డులు, నేవీ, డీఆర్‌డీఓ, క్లాస్ సొసైటీలు (ఓడల్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు), ఇవి కాస్త స్థిరమైనవి. చిన్న పడవల డిజైన్ మాత్రం మన దేశంలో ఇంకా చిన్న బజారే.

బెర్త్_నంబర్_3
నేను విశాఖలో ఓడల యార్డులో మౌల్డ్ లాఫ్ట్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర నిజాంపేటలో ఉంటున్నాను. కంప్యూటర్లు రాకముందు సంగతి చెబుతాను.

లాఫ్ట్ అంటే పెద్ద చెక్క నేల ఉన్న హాలు. చెప్పులు బయట విప్పి వెళ్లాలి. ఓడ గీతల్ని అసలు సైజులో ఆ నేల మీద గీసేవాళ్లం. పొడవాటి సన్నటి చెక్క బద్ద తీసుకుని, కొలత పాయింట్ల దగ్గర మేకులు కొట్టి, బద్దను వాటి మధ్య వంచి సుద్దతో గీత లాగాలి. గీశాక మా మేస్త్రి పొట్ట మీద పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి ఆ గీత వెంట చూసేవాడు. ఎక్కడైనా చిన్న బొడిపె ఉంటే "ఇక్కడ ఎముక తగులుతోంది" అనేవాడు. ఒక మేకు పీకితే బద్ద టప్పున తనంతట తానే సర్దుకునేది. అంటే ఆ కొలత తప్పన్నమాట. చెక్క అబద్ధం చెప్పదు.

బాబూ శీనూ, నీ బొమ్మలో ముందు భాగం దగ్గర, మొదటి సీటుకి కాస్త వెనక, నాకు ఎముక తగులుతోంది. ఫోన్ని అడ్డంగా, కంటికి సమానంగా పట్టుకుని చూడు.

ట్యాంక్‌బండ్_శీను
చూశాను సార్. నిజంగానే ఉంది! రెండు నెలలుగా కనిపించలేదు.

జీడిమెట్ల_ఫైబర్
మాది ఫైబర్ షెడ్డు. నీళ్ల ట్యాంకులు, పార్కుల్లో జారుడు బల్లలు, అప్పుడప్పుడు పెడల్ బోట్లు చేస్తాం. డిజైనర్ అవ్వాలనుకునే ప్రతివాడూ ఒకసారి చేత్తో రెసిన్ పూయాలి తమ్ముడూ. లేకపోతే కాగితం మీద మిల్లీమీటర్లు రాస్తారు, షెడ్డులో మేం వేసేది వేరు.

వరస ఇది. డైకి (అచ్చుకి) వ్యాక్స్ రుద్దాలి, జెల్‌కోట్ (బయటికి కనిపించే నున్నటి పొర) కొట్టాలి, అది కాస్త పట్టాక గ్లాస్ మ్యాట్ (గాజు పోగుల పరుపు) పరిచి పాలియెస్టర్ రెసిన్ పోసి రోలర్‌తో గాలి బుడగలు తీయాలి. మళ్లీ మ్యాట్, మళ్లీ రెసిన్. మ్యాట్ బరువుకి రెండున్నర రెట్లు రెసిన్ తాగుతుందని లెక్క వేసుకుంటాం. కుర్రాళ్లు మ్యాట్ తడవలేదేమోనని ఇంకో మగ్గు పోస్తారు. బరువు అక్కడే పెరుగుతుంది, బలం మాత్రం పెరగదు. ఇక మే నెలలో రేకుల షెడ్డు కింద హార్డెనర్ చలికాలం కొలతలో కలిపారో, రోలర్ చేతిలో ఉండగానే బకెట్‌లో రెసిన్ గడ్డ కట్టి పొగలొస్తుంది. ఒకసారి బకెట్టే కరిగి అడుగు ఊడింది.

సొంత కథ ఒకటి. ఒక రిసార్టు వాళ్లకి హంస బోట్లు చేశాం. అంతా అయ్యాక ఓనర్ వచ్చి "మెడ చిన్నగా ఉంది, ఫొటోలో దర్జాగా రావాలి" అన్నాడు. రెండడుగులు పెంచాం. నీళ్లలో దించితే హంస గింజలు ఏరుకుంటున్నట్టు ముక్కు వాల్చింది. వెనక సీటు కింద ఇసుక బస్తా పెడితేగానీ తల ఎత్తలేదు. ఇప్పటికీ ఆ బస్తాలతోనే తిరుగుతున్నాయి. ఆరోజు ఈ రేఖమ్మ షీట్ మా దగ్గర ఉంటే ఆ బాధ ఉండేది కాదు.

నైట్‌షిఫ్ట్
ఇసుక బస్తా హంస 😂 నా ప్రొఫైల్ ఫొటో ఇకనుంచి అదే.

గోదారోడు
నవ్వుకోవడానికి బాగానే ఉందండి కానీ శీను గారి బొమ్మలో నిచ్చెన చూసి నాకు గుండె ఝల్లుమంది.

మాది దేవీపట్నం వైపు. మా మావయ్య పాపికొండల లాంచీకి సరంగు. కొండలు దగ్గరపడగానే కింద కూర్చున్నవాళ్లంతా పైకెక్కుతారు, ఆపైన అందరూ ఒకే పక్కకి చేరి సెల్ఫీలు. ఆయన వెనక్కి తిరిగి చూడడు. లాంచీ ఒక పక్కకి వాలి మళ్లీ నిలబడటానికి ఎంతసేపు తీసుకుంటోందో చుక్కాని దగ్గరే తెలుస్తుందంటాడు. చురుగ్గా లేస్తే ఫర్వాలేదు. నిద్రలో ఉన్నట్టు మెల్లగా లేస్తే మాత్రం మైకు లాక్కుని "కిందికి దిగండి బాబూ" అని అరుస్తాడు. 2019 సెప్టెంబరు 15 మా వాళ్లెవరూ మర్చిపోలేరండి. కచ్చులూరు దగ్గర వరద గోదాట్లో బోటు మునిగి నలభై మందికి పైగా పోయారు. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం గారి బృందం వచ్చి బోటును బయటికి లాగేసరికి అక్టోబరు వచ్చింది.

గీతల_రేఖ
మీ మావయ్యగారు చెప్పింది అక్షరాలా సైన్సేనండి. మెల్లగా ఊగే పడవకి నిలబడే బలం తక్కువ. మేం దాన్నే జీఎం అంటాం, ఆయన చేతికి తెలుస్తుంది.

హైదరాబాదుకీ ఇలాంటి జ్ఞాపకం ఒకటి ఉంది, కొత్త తరానికి తెలియదేమో. రాయగిరి రాతితో చెక్కిన బుద్ధుడి విగ్రహం, మూడు వందల టన్నులు దాటిన బరువు. 1990 మార్చి 10న బార్జ్ మీద తీసుకెళ్తుంటే అదే హుస్సేన్ సాగర్‌లో పడిపోయింది. మనుషులూ చనిపోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉండి, 1992 డిసెంబరు 1న ఇప్పుడున్న చోట నిలబడింది. శీనూ, నువ్వు ట్యాంక్‌బండ్ మీద నిలబడి పోటీలు చూస్తున్నప్పుడు ఎదురుగా ఉన్నది అదే.

మోడరేటర్
చర్చ బాగా నడుస్తోంది. కోచింగ్ సెంటర్ లింకులు పెట్టిన మూడు పోస్టులు తీసేశాను. ఇంకా పెడితే అకౌంటే తీసేస్తాను.

ట్యాంక్‌బండ్_శీను
మూడు వారాలైంది, క్షమించాలి. షీట్ చేశాను. దీపావళికి ఇల్లు సర్దినట్టయింది, తీసినకొద్దీ ఏదో ఒకటి బయటపడుతూనే ఉంది.

హల్ 700 కిలోలు (అంచనా), అడుగు నుంచి ఎత్తు 0.45 మీటర్లు. ఇంజను 100, ఎత్తు 0.6. పెట్రోలు 60, ఎత్తు 0.3. పది మంది, ఒక్కొక్కరు 75 చొప్పున 750, కూర్చుంటే ఎత్తు 1.0. కప్పు, ప్యానెళ్లు 200, ఎత్తు 2.1. సీట్లు, బ్యాటరీ, లంగరు, లైఫ్ జాకెట్లు వగైరా 250, ఎత్తు 0.5.

మొత్తం 2060 కిలోలు. నేను గీసిన గీతకంటే 170 ఎక్కువ. పడవ మునిగిపోతుందా?

గీతల_రేఖ
శభాష్. మునగదు, దిగుతుంది. నీటి గీత దగ్గర పడవను అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యం నీ బొమ్మలో 8.4 చదరపు మీటర్లు. అంటే ఒక సెంటీమీటరు దించడానికి 84 కిలోలు కావాలి. 170 అంటే రెండు సెంటీమీటర్లు. దానికేం కంగారు లేదు.

అసలు సంగతి ఎత్తుల్లో ఉంది. నాలుగో గడి కూడి 2060తో భాగించు. 0.82 వస్తుంది. అది మొత్తం పడవ గరిమనాభి ఎత్తు. ఇప్పుడు మెటాసెంటర్. పడవ కాస్త వాలినప్పుడు తేలే బలం ఏ బిందువు దగ్గర వేలాడదీసి పట్టుకున్నట్టు పనిచేస్తుందో ఆ బిందువు అనుకో. నీ హల్‌కి నేను స్థూలంగా లెక్కేస్తే అడుగు నుంచి 1.27 మీటర్లు. తేడా 0.45. అదే జీఎం. గరిమనాభి కింద ఉండి, మెటాసెంటర్ దాని పైన ఉన్నంతసేపు పడవ లేస్తుంది. ఈ సైజుకి ఫర్వాలేదు.

ఇప్పుడు ఆ పది మందినీ నీ నిచ్చెన ఎక్కించు. ఒక్కొక్కరు 1.4 మీటర్లు పైకి. 750ని 1.4తో గుణించి 2060తో భాగిస్తే గరిమనాభి 51 సెంటీమీటర్లు పైకి పోతుంది. 0.82 కాస్తా 1.33 అయింది. మెటాసెంటర్ 1.27 దగ్గరే ఉంది.

ట్యాంక్‌బండ్_శీను
మైనస్ 6 సెంటీమీటర్లు.

గీతల_రేఖ
అవును. అంటే నిటారుగా నిలబడనే నిలబడదు.

గోదారోడు
నేను చెప్పలేదా అండి.

ట్యాంక్‌బండ్_శీను
సన్ డెక్ తీసేశాను. నిజం చెప్పాలంటే ఆ షీట్ వైపు చూస్తూ కాసేపు కూర్చుండిపోయాను. ఆ బొమ్మని మా కజిన్స్ గ్రూపులో పెడితే అందరూ మెచ్చుకున్నది ఆ డెక్కునే. "ముగ్గురికి మించి ఎక్కరాదు" అని బోర్డు పెడితే కుదరదా అని మొదట అనుకున్నాను.

గోదారోడు
బోర్డు రాసి ఉన్న చోటే ఆనుకుని సెల్ఫీ దిగుతారండి మనవాళ్లు.

గీతల_రేఖ
నిచ్చెన తీసేసినా ఇంకొకటి చూసుకో. పది మందీ సీట్లలోంచి లేచి ఒక పక్కకి 60 సెంటీమీటర్లు జరిగితే? వాళ్లు లేచి నిలబడితే గరిమనాభి ఇంకా పెరుగుతుంది, దాన్ని పక్కనపెట్టినా పాత జీఎంతో 26 డిగ్రీల దగ్గర వాలుతుంది. అంత వాలుకి ఈ చిన్న ఫార్ములా సరిగ్గా పనిచేయదు, ఎంత వాలితే ఎంత నిలబడే బలం ఉంటుందో చూపే అసలు వక్రం గీయాలి. అయినా భయం ఎంతో అర్థమవుతుంది. పక్క అంచు దాదాపు అర మీటరు కిందికి పోతుంది. నీ పడవ అంచు నీటి పైన ఎంత ఎత్తుంది?

ట్యాంక్‌బండ్_శీను
55 సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్లు దిగింది కాబట్టి 53.

బెర్త్_నంబర్_3
వెడల్పు పెంచు బాబూ. వెడల్పు తీసుకొచ్చే మేలు ఘనంలో పెరుగుతుంది. 2 మీటర్లని 2.3 చేసి మళ్లీ లెక్కించు.

సికింద్రాబాద్_లేజర్
లేకపోతే రెండు హల్స్ పెట్టండి. కేరళలో వైకోం దగ్గర 2017 నుంచి తిరుగుతున్న ఆదిత్య సోలార్ ఫెర్రీ అలాంటిదే, 75 మంది ఎక్కుతారు. కప్పు నిండా ప్యానెళ్లే, మనుషులు మాత్రం కిందే. కొచ్చి వాటర్ మెట్రో బోట్లూ జంట హల్సే. ఒకసారి రైలెక్కి వెళ్లి టికెట్ కొనుక్కుని ఎక్కండి. ఏ కోర్సులోనూ ఆ అనుభవం రాదు.

ఎంపీసీ_సెకండియర్
అక్కా, నేను బాత్‌టబ్‌లో థర్మకోల్ ముక్క మీద చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాను. నాలుగో ముక్క దాకా బానే ఉంది. ఐదోది పెట్టగానే బోల్తా. ఇది జీఎం మైనస్ అయినట్టేనా? అమ్మ తిట్టింది.

గీతల_రేఖ
అంతే నాన్నా. నువ్వు సగం డిజైనర్‌వి అయిపోయావు. జేఈఈ కూడా చదువుకో.

జీడిమెట్ల_ఫైబర్
శీనూ, నీ షీట్లో హల్ 700 పక్కన "అంచనా" అని రాశావు. అంచనాలు మా దగ్గర చెల్లవు. శనివారం షెడ్డుకి రా. రెండు చదరపు మీటర్ల ప్యానెల్ ఒకటి నీ చేత్తో వేయి. ముందు లెక్క రాసుకో, ఆరాక తూచుకో. పాత చొక్కా వేసుకుని రా, రెసిన్ అంటితే జన్మలో పోదు. మా పెద్ద కాటా రిపేర్లో ఉంది, తూకానికి ఏదైనా పట్టుకురా.

ట్యాంక్‌బండ్_శీను
వెళ్లొచ్చాను. మూడు పొరలు 450 మ్యాట్ (చదరపు మీటరుకి 450 గ్రాములది), దానికి రెండున్నర రెట్లు రెసిన్, పైన జెల్‌కోట్. లెక్క ప్రకారం చదరపు మీటరుకి 5.3 కిలోలు, రెండు మీటర్లకి 10.6. రెసిన్ ఎక్కువ పోయకూడదని మొత్తం సేపూ నాకు నేనే చెప్పుకుంటూ వేశాను. అయినా మూలల దగ్గర తెల్లగా కనిపిస్తే భయమేసి ఇంకాస్త పోశాను. ఆరాక తూస్తే 12.8.

అంటే నా చేతిలో 20 శాతం పెరిగింది. హల్‌లో ఫైబర్ వాటా 500 అనుకుంటే ఇంకో 100 కిలోలు, పడవ ఇంకో 1.2 సెంటీమీటర్లు కిందికి. షీట్ మార్చాను. వెడల్పు 2.3 చేసి గీతలన్నీ మొదటి నుంచి లాగుతున్నాను, బెర్త్ సార్ చెప్పిన ఎముక కూడా పోయింది. గేట్ ఫారం నింపాను. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానట్లేదు.

జీడిమెట్ల అన్నా, మా ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీ షెడ్డులోనే మర్చిపోయాను. పొద్దున్నుంచి నాన్న వెతుకుతున్నాడు, ఎక్కడుందో ఇంకా చెప్పలేదు.

జీడిమెట్ల_ఫైబర్
ఉంది తమ్ముడూ. కాకపోతే కుర్రాళ్లు దాని మీద రెసిన్ బకెట్ పెట్టారు. వచ్చే శనివారం గోకి ఇస్తాను.